గ్రబ్ స్క్రూనా, చీలిక రింగా? రీలోడింగ్ డై లాక్ రింగుల మీద తగువు

పీణ్య_టర్నర్:
అందరికీ నమస్కారం. బెంగళూరు పీణ్య సెకండ్ స్టేజ్‌లో మాది చిన్న టర్నింగ్ షాపు. మా బావమరిది డాలస్‌లో ఉంటాడు, టార్గెట్ షూటింగ్ పిచ్చి. కాల్చేసిన తూటాల ఇత్తడి కేసుల్ని ఇంట్లోనే ప్రెస్ పెట్టుకుని మళ్లీ నింపుకుంటాడు. అక్కడ అది మామూలు హాబీ. ఆ ప్రెస్‌లో పెట్టి కేసును సరిచేసే డైలకు లాక్ రింగులు చేసిపెట్టమంటున్నాడు, బాగుంటే అతని స్నేహితులూ తీసుకుంటారట.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డై బయటివైపు 7/8 అంగుళం సైజు, అంగుళానికి 14 థ్రెడ్లు. దాన్ని ప్రెస్ తలలోకి తిప్పి, ఎంత లోతు దిగాలో చూసుకుని, పైనుంచి రింగు బిగిస్తారు. మన చెక్ నట్ (ఇంకోటి కదలకుండా పైనుంచి బిగించే నట్) పనే. కాకపోతే డై ఊడదీసి మళ్లీ పెట్టినా అదే లోతుకు రావాలి.

మూడు రకాలున్నాయి. పక్కనుంచి గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) బిగించేది, ఆర్‌సీబీఎస్ కంపెనీది ఆ తరహా. ఒకచోట చీల్చి అడ్డంగా స్క్రూతో బిగించేది, హార్నడీ, ఫార్‌స్టర్ అలా చేస్తారు. లీ కంపెనీ మామూలు రింగులో ఓ-రింగ్ (రబ్బరు రింగు) ఉంటుంది. నా ఓటు గ్రబ్ స్క్రూకి. ఒక డ్రిల్లు, ఒక ట్యాపు (లోపలి థ్రెడ్ కోసే టూలు), పని అయిపోతుంది. చీల్చాలంటే ఫిక్చర్ కావాలి, స్లిట్టింగ్ కట్టర్ కావాలి, కూర్చుని బర్ (కోసిన అంచు మీద మిగిలే ముళ్లు) తీయాలి. మీరేమంటారు?

కొలత_కొలతే:
గ్రబ్ స్క్రూ వద్దన్నా. దాని మొన నేరుగా డై థ్రెడ్ మీద కూర్చుని నలిపేస్తుంది. పైగా రింగుని ఒక పక్కకు నెడుతుంది. థ్రెడ్‌లో ఎలాగూ కొంచెం ఆట ఉంటుంది కాబట్టి రింగు వాలుతుంది.

లెక్క చూడండి. అంగుళానికి 14 అంటే ఒక చుట్టుకు 1.814 మి.మీ. ఒక డిగ్రీ తిరిగితే 5 మైక్రాన్లు. రైఫిల్ కేసు భుజాన్ని (మెడ కింది వాలు భాగాన్ని) వెనక్కి నెట్టేటప్పుడు వాళ్లు చూసుకునేది 25 నుంచి 50 మైక్రాన్లు. అంటే 5 డిగ్రీలు జరిగితే సెట్టింగ్ పోయినట్టే. 32 మి.మీ. రింగు అంచు మీద 5 డిగ్రీలంటే మిల్లీమీటరున్నర కూడా కాదు, కంటికి ఆనదు. చీలిక రింగైతే చుట్టూ సమానంగా పట్టుకుంటుంది, థ్రెడ్‌కి దెబ్బ ఉండదు.

మడకశిర_మిల్లింగ్:
లెక్క బాగుంది సార్, కానీ ఒకటి మరిచారు. రింగు ప్రెస్ తలకు ఆనుకుని బిగిసాక డైని పట్టుకునేది గ్రబ్ స్క్రూ కాదు, థ్రెడ్ల మధ్య పడే లాగుడు. చెక్ నట్ సూత్రమే కదా! గ్రబ్ స్క్రూ పనల్లా డై బయట ఉన్నప్పుడు రింగు కదలకుండా చూడటం. అంత చిన్న పనికి చీలికా, ఫిక్చరా?

ఇక థ్రెడ్ నలుగుతుందన్న మాట. స్క్రూ వేసేముందు ఆ రంధ్రంలో చిన్న ఇత్తడి ముక్క వెయ్యండి. అమెరికాలో సీసపు గుండు వేస్తారు. అది థ్రెడ్ ఆకారానికి సర్దుకుని కూర్చుంటుంది, డైకి గీత కూడా పడదు. మన షాపుల్లో పుల్లీలకు చేసేది ఇదే కదా.

డాలస్_తమ్ముడు:
(టర్నర్ గారి బావమరిదిని కాను లెండి, ఈ ఊళ్లో మనవాళ్లు చాలామందిమి ఉన్నాం.)

వాడేవాడిగా చెప్తున్నా. మీరంతా బిగించడం గురించే కొట్టుకుంటున్నారు, చెడేది విప్పేటప్పుడు. డై ఒంటిని పట్టుకుని తిప్పితే రింగు ప్రెస్‌కే అతుక్కుని ఉండిపోతుంది, డై ఒక్కటే లోపల తిరిగి సెట్టింగ్ పోతుంది. రింగునే పట్టుకుని విప్పాలి. కాబట్టి స్పానర్ పట్టేలా రెండువైపులా ఫ్లాట్లు (చదును ముఖాలు) కొట్టండి. ఒట్టి నర్లింగ్ (పట్టు కోసం కొట్టే గరుకు గీతలు) అయితే నూనె చేతులకు జారుతుంది. నాకు గ్రబ్బా చీలికా అన్నదానికంటే ఇది ముఖ్యం. రెండిట్లో ఒకటి చెప్పమంటే చీలికే, ఆలెన్ స్క్రూ ముందువైపు కనపడుతూ ఉండాలి.

ఓ-రింగ్‌ని కూడా తీసిపారేయకండి. డై కొంచెం అటూ ఇటూ సర్దుకుని కేసుకు సూటిగా వస్తుందని దాన్ని ఇష్టపడేవాళ్లు ఇక్కడ చాలామంది. నేను మాత్రం డై తీసిన ప్రతిసారీ లోతు మళ్లీ చూసుకోలేను.

పాత_హెచ్ఎంటీ:
జాలహళ్లి హెచ్ఎంటీలో టూల్‌రూమ్ పని చేసి రిటైరైనవాణ్ణి. బాబూ, మీరు స్క్రూ దగ్గర ఆగిపోయారు. ప్రెస్ తలకు ఆనేది రింగు కింది ముఖం. ఆ ముఖం థ్రెడ్‌కి లంబంగా లేకపోతే ఎంత గొప్ప స్క్రూ పెట్టినా బిగించగానే డై ఒక పక్కకు వాలుతుంది. అప్పుడు బిగింపు ఎక్కడైతే ఏం లాభం?

పద్ధతి చెప్తాను. బార్‌ని చక్‌లో పట్టుకుని ఫేసింగ్, బోరు, థ్రెడ్ మూడూ ఒకే సెట్టింగ్‌లో తీయండి. థ్రెడ్ సింగిల్ పాయింట్ టూలుతో కోయండి. చేత్తో ట్యాపు కొడితే అది ఎటు వంగితే థ్రెడ్ అటు పోతుంది. తర్వాత పార్టింగ్, అంటే బార్ నుంచి ముక్క కోయడం. రెండో ముఖం థ్రెడ్ ఉన్న మాండ్రెల్ (రింగుని పట్టే కడ్డీ) మీద ఎక్కించి తీయండి. ఆనే ముఖానికి ఏ వైపో ఒక గుర్తు పెట్టండి, వాడేవాడు తిరగేసి బిగించకుండా.

చీల్చేదైతే థ్రెడ్ అయ్యాకే చీల్చాలి. ముందే చీల్చి కోస్తే టూలు ఆ సందు దాటిన ప్రతిసారీ తన్నుతుంది, రింగూ విచ్చుకుంటుంది. చీల్చాక సందు దగ్గర బర్ తీయకుండా ఇస్తే అది మొదటి రోజే డై థ్రెడ్‌ని గోకేస్తుంది. మెటీరియల్ ఈఎన్1ఏ (సులువుగా కోతపడే స్టీలు) చాలు. పైన బ్లాకోడైజింగ్ (నల్ల పూత) చేయించండి. జింక్ ప్లేటింగ్ మందం థ్రెడ్‌లో చేరి గో గేజ్ (సైజు సరిపోయిందో చూసే గేజ్) పోదు.

మడకశిర_మిల్లింగ్:
ముఖం మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను సార్. అయితే అదే నా వాదన కూడా. డబ్బు ముఖం మీద పెట్టండి, చీలిక మీద కాదు.

కొత్త_ట్రైనీ:
మా దగ్గర ఎం22 × 1.5 ట్యాపు ఉంది, దాంతో సర్దుకోవచ్చా?

పాత_హెచ్ఎంటీ:
కుదరదమ్మా. డై 22.225 మి.మీ., పిచ్ 1.814. రెండు చుట్లకే పట్టేస్తుంది.

లా_పాయింట్:
పని మొదలుపెట్టేముందు ఒక్క క్షణం. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2(1)(బి) చదవండి. అందులో మందుగుండు అంటే తూటాలొక్కటే కాదు, తూటాల భాగాలు, వాటిని తయారుచేసే యంత్ర సామగ్రి కూడా అని ఉంది. సెక్షన్ 5 ప్రకారం తయారీకి లైసెన్సు కావాలి. ఒట్టి థ్రెడ్ రింగు ఆ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది వాదించుకోవచ్చు. కానీ ఆ వాదన ఇక్కడ చేసుకోవడం వేరు, కస్టమ్స్ కౌంటర్లో చేయడం వేరు.

కొలత_కొలతే:
చెక్ నట్ అని బిల్లు రాస్తే సరిపోతుంది కదా?

లా_పాయింట్:
డ్రాయింగ్‌లో, మెయిల్‌లో రీలోడింగ్ డై అని రాసి ఉన్నప్పుడు బిల్లులో చెక్ నట్ అంటే దొంగ డిక్లరేషన్ అవుతుంది. ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. ఎగుమతి లాయర్ దగ్గర కాగితం మీద అభిప్రాయం తీసుకోమనండి.

పీణ్య_టర్నర్:
ఆ సెక్షన్ సంగతి నిజంగా తెలియదు, థాంక్స్ సార్. ముందు లాయర్ పని, రాతపూర్వకంగా సరే అన్నాకే మెటీరియల్ తెస్తాను. అప్పటిదాకా డ్రాయింగ్ మాత్రం గీసుకుంటా: ఒకే సెట్టింగ్‌లో ముఖం, థ్రెడ్. రెండు ఫ్లాట్లు. చీలిక, ఎం4 ఆలెన్ స్క్రూ. డాలస్ తమ్ముడు చెప్పిన విప్పే గొడవ వల్లే చీలిక వైపు మొగ్గాను, డిగ్రీల లెక్క వల్ల కాదు.

మడకశిర_మిల్లింగ్:
ఫ్లాట్లు గ్రబ్ స్క్రూ రింగు మీద కూడా కొట్టొచ్చన్నా. స్లిట్టింగ్ రేటు ఎంత పడుతుందో కొటేషన్ వచ్చాక ఇక్కడే చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.