ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5070కి 250 వాట్లు, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070కి 220. ఈ 30 వాట్లు చూసి గ్రాఫిక్స్ కార్డు కొనొచ్చా?

కొత్త_బిల్డ్:
1440పీ మానిటర్, రైజెన్ 7600, 650 వాట్ల పవర్ సప్లై రెడీ. కార్డు ఒక్కటే మిగిలింది. 5070కి కాగితం మీద 250 వాట్లు, 12 జీబీ మెమరీ. 9070కి 220 వాట్లు, 16 జీబీ. రెండూ 2025 మార్చిలో 549 డాలర్ల ధరకే దిగాయి. ఏఎండీ అంటే కరెంటు తాగుద్ది అంటారు కదా, ఇక్కడేంటి అంకెలు తిరగబడ్డాయి?

ఓల్టేజీ_రాజు:
కళ్లు మూసుకుని 9070 తీసుకోండి. ఆ చెడ్డపేరు ఏఎండీ పాత 7000 సిరీస్ కార్డులది. 7800 ఎక్స్‌టీకి 263 వాట్లు, దాంతో పోటీకి నిలబడ్డ ఎన్విడియా 4070కి 200. ఎందుకంటే 7800 ఎక్స్‌టీ ఒక్క చిప్పు కాదు. మధ్యలో 5 నానోమీటర్ల ముక్క, దాని చుట్టూ కాష్, మెమరీ కంట్రోలర్లు ఉన్న నాలుగు 6 నానోమీటర్ల ముక్కలు. ఆ ముక్కల మధ్య డేటా మోయడానికే కొంత కరెంటు ఖర్చయ్యేది. 9070లో అంతా ఒకే చిప్పు.

ప్లగ్_మీటర్:
రాజు గారూ, 220 ఏ కార్డుది? 9070కి ఏఎండీ సొంత బోర్డు అమ్మనే లేదు, అన్నీ పార్ట్‌నర్ల కార్డులే. ఓసీ (ఓవర్‌క్లాక్, అంటే ఫ్యాక్టరీలోనే వేగం పెంచినవి) అని రాసున్న వాటిలో పవర్ లిమిట్ 220 కన్నా పైన పెట్టినవి ఉన్నాయి. కొనేది డబ్బాలో ఉన్న కార్డుని, ఏఎండీ స్లైడుని కాదు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ మోడల్ బయోస్ (కార్డులోనే ఉండే ఫ్యాక్టరీ సెట్టింగుల ప్రోగ్రామ్) లిమిట్ చూడకుండా 30 వాట్లు మిగిలాయని చెప్పకండి.

గుంటూరు_గేమర్:
డీఎల్‌ఎస్‌ఎస్ (ఏఐతో ఫ్రేములు పెంచే ఎన్విడియా టెక్నాలజీ) కావాలంటే 5070. అయిపోయింది. టాపిక్ క్లోజ్.

ఓల్టేజీ_రాజు:
మీటర్ గారూ, ఓసీ బయోస్ ఉంటే కొన్ని కార్డుల మీద చిన్న స్విచ్ కూడా ఉంటుంది. సిస్టమ్ ఆపి సైలెంట్ వైపు జరిపితే సరి. అయినా వాట్లు చూడ్డానికి ఇంత రాద్ధాంతం దేనికి, ఏఎండీ వాళ్ల అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లోనే కనిపిస్తాయిగా.

ప్లగ్_మీటర్:
ఆ సాఫ్ట్‌వేర్ అంకె దగ్గరే జనం బోల్తా పడేది. 6000 సిరీస్‌లో అది చిప్పు వాడకం మాత్రమే చూపించేది. 6700 ఎక్స్‌టీ మొత్తం బోర్డు 230 వాట్లు, తెర మీద 186 దాటేది కాదు. పక్కన ఎన్విడియా కార్డు బోర్డు మొత్తం లెక్క చూపిస్తుంటే ఈ రెండూ పోల్చి "చూశారా ఏఎండీ పొదుపు" అనేవాళ్లు. గోడ దగ్గర ప్లగ్ మీటర్ పెట్టండి, నిజం తెలుస్తుంది.

ఓల్టేజీ_రాజు:
అది 6000తోనే పోయింది. 7000 నుంచి బోర్డు మొత్తం చూపిస్తోంది. మీ గోడ మీటరేమో ప్రాసెసర్, ర్యామ్, ఫ్యాన్లు, పవర్ సప్లై నష్టం అన్నీ కలిపి చూపిస్తుంది. 88 శాతం ఎఫిషియెన్సీ ఉన్న పవర్ సప్లై లోపల 350 ఇస్తే గోడ దగ్గర 398 లాగుతుంది. పైగా కార్డు ఎక్కువ ఫ్రేములు ఇచ్చేకొద్దీ ప్రాసెసర్ కూడా ఎక్కువ పనిచేస్తుంది. ఆ కరెంటు కూడా కార్డు ఖాతాలోనే రాస్తారా?

ప్లగ్_మీటర్:
రాస్తాను. బిల్లు కట్టేది గోడ మీటరుకే.

ఎస్‌ఎమ్‌పీఎస్_మావ:
బిల్లు గురించా ఈ గొడవంతా? 30 వాట్లు, రోజుకి 4 గంటలు, 30 రోజులు: 3.6 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలనుకున్నా నెలకి 32 రూపాయలు. ఒక్క చోట తేడా పడుద్ది: తెలంగాణలో గృహజ్యోతి జీరో బిల్లు ఉండి, వాడకం 198 దగ్గర ఆడుతుంటే. 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి.
5070 తీసుకుంటే ఒక సంగతి. కొత్త రకం 12వీ-2ఎక్స్6 కనెక్టర్ వస్తుంది. కరిగిపోద్దని భయం వద్దు, 250 వాట్లంటే ఆరు పిన్నులకీ పంచితే ఒక్కోదానికి మూడున్నర ఆంపియర్లే. 600 వాట్లయితే 8 దాటుద్ది, తంటా అంతా అక్కడ. కానీ అడాప్టర్ వాడితే దాని రెండు 8-పిన్ సాకెట్లకీ పవర్ సప్లై నుంచి రెండు వేరే కేబుళ్లు లాగు. ఒకే కేబుల్‌కి వేలాడే రెండో తల పెట్టకు. చివరిదాకా నొక్కు, సందు కనిపించకూడదు.

ఓల్టేజీ_రాజు:
మావ చెప్పింది కరెక్ట్, బిల్లు అసలు విషయమే కాదు. పనికి ఎంత వేడి అన్నది ముఖ్యం. 9070, 9070 ఎక్స్‌టీ ఒకే చిప్పు. ఒకదాంట్లో 56 కంప్యూట్ యూనిట్లు (లెక్కలు చేసే భాగాలు), రెండోదాంట్లో 64, అంటే 14 శాతం ఎక్కువ. వాట్లేమో 220 నుంచి 304కి, 38 శాతం ఎక్కువ. బూస్ట్ క్లాక్ (చిప్పు గరిష్ఠ వేగం) 2520 మెగాహెర్ట్జ్ నుంచి 2970కి తోశారు. చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్‌కి ఓల్టేజీ బాగా పెంచాలి, ఓల్టేజీ పెరిగితే వాట్లు దాని వర్గం లెక్కన పెరుగుతాయి. అందుకే కార్డు అంటే ఒక అంకె కాదు, ఒక గీత: ఏ క్లాక్‌కి ఎంత ఓల్టేజీ అనే గ్రాఫ్. ఎక్స్‌టీని కూడా పవర్ లిమిట్ -15 శాతం పెడితే 258కి దిగుతుంది. దాంతోపాటు ఓల్టేజీ ఆఫ్‌సెట్ -60 మిల్లీఓల్టులు పెడితే ఫ్రేములు పెద్దగా పోవు.

ప్లగ్_మీటర్:
మళ్లీ ట్యూనింగ్ పురాణం! అలా అయితే 5070ని కూడా ట్యూన్ చేసి పోల్చండి. ఆఫ్టర్‌బర్నర్ అనే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్-ఎఫ్ కొట్టి, 925 మిల్లీఓల్టుల దగ్గర గీతని చదును చేస్తే అదీ దిగుద్ది. ఒకదాన్ని ట్యూన్ చేసి రెండోదాన్ని డబ్బాలోంచి తీసినట్టే పెట్టి పోల్చడం తొండి.

ఓల్టేజీ_రాజు:
తొండి అనే మాట వెనక్కి తీసుకోండి. రెండిటినీ ట్యూన్ చేయొద్దని నేను ఎక్కడన్నాను? డ్రైవర్ ప్యానెల్ ఒక్కసారి కూడా తెరవని వాళ్లకి ఫ్యాక్టరీ సెట్టింగే వేదం. మీరు వాళ్ల తరఫు వకీలులా ఉన్నారు.

ప్లగ్_మీటర్:
అవును, వాళ్ల తరఫే. పీసీలు కట్టి ఇచ్చేది వాళ్లకే. -60 మీ దగ్గర గంట బెంచ్‌మార్క్ పాసవుద్ది. ఇంకొకరి చేతిలో, వారం తర్వాత, గేమ్ మెనూలో పడిపోద్ది. మెనూలో ఎందుకంటే, లోడ్ తేలికైనప్పుడు క్లాక్ పైకి ఎగురుద్ది, ఆ క్లాక్‌కి ఈ తగ్గించిన ఓల్టేజీ చాలదు. సిస్టమ్ పడి లేచాక అడ్రినలిన్ ఏం చేస్తుందో మీకు తెలుసు, ట్యూనింగ్ చెరిపేసి డిఫాల్ట్‌కి పోతుంది. వాడికి ఆ సంగతి తెలీదు. మీరు చెప్పిన 258 మళ్లీ 304.

ఓల్టేజీ_రాజు:
...ఇది మొదటి పోస్టులోనే చెప్పుంటే ఇంత రాసే పని లేదు. మీరు వేరేవాళ్లకి ఇచ్చే పీసీ గురించి మాట్లాడుతున్నారు, నేను సొంతానికి వాడే పీసీ గురించి. అయితే ఓల్టేజీ ముట్టుకోవద్దు, పవర్ లిమిట్ ఒక్కటే దించండి. దానివల్ల క్రాష్ రాదు, ఒకవేళ చెరిగిపోయినా పోయేది పొదుపే.

గుంటూరు_గేమర్:
ఇంతకీ అడిగినాయన ఉన్నాడా, కొనేసి వెళ్లిపోయాడా?

కొత్త_బిల్డ్:
ఉన్నానండీ. పీసీ నాక్కాదు, ఊళ్లో తమ్ముడికి. వాడికి బయోస్ అంటే తెలీదు. మానిటర్ 100 హెర్ట్జ్. ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉంది.

ప్లగ్_మీటర్:
అయితే 9070, ఓసీ కాని మోడల్. డ్రైవర్‌లో ఫ్రేమ్ లిమిట్ సెకనుకి 97 (మానిటర్ 100 కన్నా కాస్త కింద) పెట్టి ఇవ్వండి. తేలికపాటి గేముల్లో కార్డు సగం వాట్లు కూడా లాగదు, ఏ ఓల్టేజీ తంటా లేదు.

ఓల్టేజీ_రాజు:
97తో నాకూ పేచీ లేదు. పెద్ద గేముల్లో మాత్రం 1440పీ అల్ట్రాలో ఆ లిమిట్ తగలకపోవచ్చు, అప్పుడు 220 నిండుగా లాగుద్ది.

ఎస్‌ఎమ్‌పీఎస్_మావ:
ఆ యూపీఎస్‌తో కుదరదు. 600 వీఏ అంటే చాలావాటికి 360 వాట్లే. కార్డు 220, ప్రాసెసర్ 75, మిగతావి 50 కలిపితే 345, గోడ లెక్కలో 390 దాటుద్ది. ఇంకా మానిటర్ ఉంది. ఆట మధ్యలో కరెంటు పోతే ఓవర్‌లోడ్ అని కూతేసి ఆగిపోద్ది. 5070 అయినా అదే కథ. 1100 వీఏ తీసుకో. వెనక ఎన్ని వాట్లని రాసుందో చూసి ఫొటో పెట్టు.