డయాలసిస్ రోగికి ఏ కండర సడలింపు మందు మేలు?
నేను అనస్థీషియాలో పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, శరీరపు వేడిమి, పీహెచ్‌ల వద్ద తనంతట తానే విచ్ఛిన్నమయ్యే అట్రాక్యూరియం ఇవ్వడం వాడుక; అయితే అది హిస్టమిన్‌ను విడుదల చేసి రక్తపోటును తగ్గించవచ్చు కనుక, ఆ బెడద తక్కువగా ఉండే సిస్‌అట్రాక్యూరియమే మేలని నాకు తోస్తుంది (ధర సంగతి వేరు). నా సందేహమల్లా కడుపు నిండుగా ఉన్న రోగికి అత్యవసరంగా శ్వాసనాళంలోకి గొట్టం వేయవలసి వచ్చినప్పటి గురించే. త్వరగా పనిచేసే కండర సడలింపు మందైన సక్సినైల్‌కోలిన్ రక్తంలో పొటాషియంను పెంచుతుంది కనుక, అది అప్పటికే ఎక్కువగా ఉంటే ఆ మందు ఇవ్వలేము. అదే కోవకు చెందిన మరో మందు రోకురోనియం, శరీర బరువులో కిలోకు 1.2 మిల్లీగ్రాముల మోతాదులో దాదాపు 60 సెకన్లలో పనిచేసినా, ఈ రోగుల్లో దాని ప్రభావం ఎంతసేపు సాగుతుందో ముందుగా అంచనా వేయడం కష్టం. పైగా దానికి విరుగుడైన సుగమాడెక్స్‌ను తీవ్ర మూత్రపిండ వైఫల్యంలో వాడవద్దని మందు వివరపత్రమే చెబుతోంది. ఇటువంటి సందర్భంలో అనుభవజ్ఞులైన మీరు దేనిని ఎంచుకుంటారో, ఎందుకో దయచేసి తెలియజేయగలరా?