కాన్పు తరువాత వినికిడి తగ్గినవారు మీ అనుభవం చెప్పగలరా?

ఏలూరు కోడలు:
నా వయస్సు 31. రెండవ కాన్పు అయిన కొన్ని నెలలకు ఎడమ చెవి మందగించింది, ఇప్పుడు కుడి చెవి కూడా అదే దారిలో ఉంది. బస్సులోనూ పెళ్లి పందిట్లోనూ ఎదుటివారి మాట నాకు చక్కగా తెలుస్తుంది, ఇంట్లో అలికిడి లేనప్పుడే తెలియదు. అందువల్ల నేను కావాలనే పలకడం లేదని మా అత్తగారు బాధపడుతున్నారు. డాక్టరుగారు ఓటోస్క్లిరోసిస్ అన్నారు. ఆపరేషన్ మేలా, వినికిడి మిషను మేలా, పాలిచ్చే తల్లి ఆపరేషన్ చేయించుకోవచ్చా, మరో కాన్పు అయితే ఇంకా తగ్గుతుందా?

తణుకు పెద్దమ్మ:
అమ్మాయీ, బాలింతగా ఉన్నప్పుడు చెవుల్లో దూది పెట్టుకుని తలకు గుడ్డ కట్టుకున్నావా? మా అత్తగారు నాకు మూడు నెలలు దూది తీయనివ్వలేదు, 76 ఏళ్లు వచ్చినా పక్క గదిలో మాట నాకు వినబడుతుంది.

నంద్యాల చెల్లెలు:
పెద్దమ్మగారూ, ఈ నమ్మకమే మా అక్క చెవిని పాడుచేసింది. చెవిలో చీము వస్తుంటే బాలింత గాలి సోకిందని వెల్లుల్లి వేసి కాచిన నూనె ఏడాది పాటు పోశారు, చివరికి చూపిస్తే కర్ణభేరికి పెద్ద చిల్లు ఉందన్నారు. చెవి పైనున్న కండరపు పొర తీసి అతికించారు గానీ, పోయిన వినికిడి పూర్తిగా తిరిగి రాలేదు. దయచేసి ఇక్కడ దూది మాట ఎత్తకండి.

తణుకు పెద్దమ్మ:
నేను నూనె పోయమనలేదు. దూది పెట్టుకోమన్నదానికి, మీ ఇంట్లో ఎవరో చేసిన పనికి నన్ను బాధ్యురాలిని చేయడం న్యాయం కాదు.

ఆడియోగ్రామ్ 22:
ఇరవై రెండేళ్లుగా వినికిడి పరీక్షలు చేస్తున్నదానిగా చెబుతున్నాను, ఈ ఓటోస్క్లిరోసిస్ దూదితో రాదు, దూదితో పోదు. లోపలి చెవిని తాకి ఉండే అంకవన్నె (గుర్రపు రౌతు కాలు పెట్టుకునే రికాబు) ఆకారపు చిన్న ఎముక, అంటే స్టేపిస్, చుట్టూ కొత్త ఎముక పెరిగి కదలకుండా బిగుసుకుపోతుంది, శబ్దం లోపలికి చేరదు. సందడిలో బాగా వినబడటం దీని లక్షణాల్లో ఒకటి. చుట్టూ ఉన్న రొద రోగికి తక్కువగా చేరుతుంది, ఎదుటివారు మాత్రం గొంతు పెంచి మాట్లాడతారు. మీ అత్తగారికి ఈ మాట తప్పక వినిపించండి. ఇది మగవారిలో కంటే ఆడవారిలో సుమారు రెండింతలు కనబడుతుంది, గర్భం దీనిని పెంచుతుందన్నది స్థిరపడిన విషయమే.

హనుమకొండ లలిత:
స్థిరపడిన విషయమని అనకండి. పిల్లలను కన్నవారినీ కననివారినీ పోల్చి 2005లో వెలువడిన అధ్యయనంలో తేడా కనబడలేదు. ఆ ఒక్క మాటకు భయపడి నేను రెండవ బిడ్డను వద్దనుకున్నాను, అది ఇప్పటికీ నన్ను కోస్తూనే ఉంది.

ఆడియోగ్రామ్ 22:
అమ్మా, కాన్పు తరువాతే మొదలైందని చెప్పే తల్లులను నేను ఎందరినో చూశాను.

హనుమకొండ లలిత:
జబ్బు బయటపడే వయస్సూ పిల్లలను కనే వయస్సూ ఒకటే కదండీ! మీ దగ్గరకు వచ్చినవారు చెప్పినదాన్ని బట్టి ఎవరి సంసారమూ తేల్చకండి. ఏలూరు చెల్లెమ్మా, నేను ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ ఎముక స్థానంలో చిన్న పిస్టన్ అమర్చారు, తిమ్మిరి మందు మాత్రమే ఇచ్చినందువల్ల బల్ల మీద ఉండగానే డాక్టరుగారి గొంతు స్పష్టంగా విని ఏడ్చేశాను. రుచి నరం అటుగానే వెళ్తుంది కాబట్టి కొన్ని నెలలు నాలుక మీద ఇనుప రుచి ఉండేది.

ఆడియోగ్రామ్ 22:
నూటికి ఒకరికి ఆపరేషన్ జరిగిన చెవి పూర్తిగా పోయే ప్రమాదం ఉందని కూడా చెప్పండి. అందుకే ముందుగా ఎక్కువ మందగించిన చెవికే చేస్తారు. మిషనుతో ఆ ప్రమాదం లేదు.

సిరిసిల్ల బిడ్డ:
మీ చర్చలో మా అమ్మలాంటి వారికి చోటు లేదా? సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే ఇంట్లోనే వండి, కండెలు చుట్టి, మమ్మల్ని పెంచింది. చెవుల్లో రాత్రంతా హోరు వస్తుందని పదేళ్లు చెప్పినా, సాంచా నడిపిన నాన్నకే మిషను కొన్నాము, అమ్మ ఇంట్లోనే కదా ఉండేదని అనుకున్నాము. పరీక్షలో ఇద్దరికీ 4000 హెర్ట్జ్ దగ్గరే, అంటే రొదకు చెవి దెబ్బతిన్నప్పుడు వినికిడి తగ్గే చోటే, గీతలో గుంట పడింది.

ఆరవ తరగతి టీచరు:
నా వయస్సు 53. స్టాఫ్ రూములో మగ ఉపాధ్యాయుల మాట వినబడుతుంది, తరగతిలో సన్నని గొంతున్న ఆడపిల్లల మాటలో స, శ, ఫ తెలియవు. ముట్లుడిగినందువల్లేనని హార్మోన్ మాత్రలు వాడదామనుకున్నాను. అమెరికా నర్సులపై జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువ కాలం ఆ మాత్రలు వాడినవారిలోనే వినికిడి లోపం ఎక్కువగా ఉందని తెలిసి ఆగాను.

తణుకు పెద్దమ్మ:
నంద్యాల అమ్మాయీ, మీ అక్కకు ఇప్పుడు ఎలా ఉంది?

ఏలూరు కోడలు:
అందరికీ నమస్కారం. ఇది వంశంలో వస్తుందని డాక్టరుగారు చెబితే మా అమ్మకు ఫోను చేశాను. నేను పుట్టాక ఆమెకు చెవుడు వచ్చింది, అందరూ బాలింత గాలి అన్నారు, ఎవరూ పరీక్ష చేయించలేదు. బియ్యం మిల్లులో పనిచేసిన రోజుల్లో మాటలు ఎలా వినబడేవని అడిగాను. "మిల్లు ఆడుతున్నప్పుడే నాకు తెలిసేవే, ఆపాక ఎవరేమన్నా తెలిసేది కాదు, చెబితే నమ్మరని చెప్పలేదు" అన్నది. గురువారం ఇద్దరమూ కలిసి పరీక్షకు వెళ్తున్నాము. పాలిచ్చే తల్లి సంగతి ఎవరికైనా తెలిస్తే అంతలోగా చెప్పండి.