మూడు రోజులకో మ్యాచ్ ఉంటే ఎంతమంది ఆటగాళ్లను మార్చాలి?

మా ఫుట్‌బాల్ జట్టుకు మూడు రోజులకో మ్యాచ్ పడుతోంది. ప్రతిసారీ అదే పదకొండు మందిని దించితే 70వ నిమిషం దాటాక మైదానం అంచుల వెంట ఆడే వింగర్లు, ఫుల్‌బ్యాక్‌లు వెనక్కి పరిగెత్తలేకపోతున్నారు, తొడ వెనక కండరాలు పట్టేస్తున్నాయి. సరే అని ఒకేసారి ఆరుగురిని మార్చి చూశాం. జోరు పెరిగింది గానీ డిఫెండర్లు ఒకే వరుసలో కాసే ఆఫ్‌సైడ్ లైన్ చెదిరింది, కార్నర్లలో ఎవరు ఎవర్ని మార్క్ చేయాలో తెలియక గోల్స్ సమర్పించుకున్నాం. ఐదు సబ్‌స్టిట్యూషన్లూ 60వ నిమిషం నుంచే వాడినా తేడా లేదు. మ్యాచ్ మర్నాడు తేలికపాటి పరుగే పెడుతున్నాం. కండరాల్లో గ్లైకోజెన్ (శక్తి కోసం నిల్వ ఉండే ఇంధనం) మళ్లీ నిండడానికి 48 నుంచి 72 గంటలు పట్టొచ్చు కాబట్టి విశ్రాంతి తప్పదు, ఒప్పుకుంటా. గోల్‌కీపర్నీ, అతని ముందు మధ్యలో కాసే సెంటర్‌బ్యాక్‌లనీ కదపడం మాత్రం నాకిష్టం లేదు. వాళ్లను అలాగే ఉంచి, ఎక్కువ పరిగెత్తే స్థానాల్లోనే మ్యాచ్‌కు ఇద్దరు ముగ్గురిని మారిస్తే సరిపోతుందా?