దసరా సెలవుల్లో అహోబిలం జలపాతం దాకా నడక: గైడు అవసరమా?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. దసరా సెలవులకు హైదరాబాదు నుంచి మా తమ్ముడి కుటుంబం మా ఇంటికి వస్తోంది. తాడిపత్రి, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ మీదుగా కారులో అహోబిలం వెళ్ళి, రాత్రికి అక్కడే ఉండి, మరునాడు ఎగువ అహోబిలం నుంచి భవనాశిని వాగు వెంబడి నడిచి జ్వాలా నరసింహస్వామి గుడి దగ్గర పడే జలపాతాన్ని చూసి రావాలని అనుకుంటున్నాము. మాలో అరవై దాటిన మా అమ్మ, తొమ్మిదేళ్ళ పాప, పదమూడేళ్ళ బాబు ఉన్నారు. అమ్మ రోజూ ఉదయం నడుస్తుంది, మోకాళ్ళ నొప్పులు లేవు, కాకపోతే రక్తపోటుకు మాత్రలు వేసుకుంటుంది.

మా ఇంట్లో తెగని విషయం ఒక్కటే. స్థానికుడైన గైడును వెంటబెట్టుకుని వెళ్ళాలని నా పట్టుదల. భక్తులు నిత్యం నడిచే దారే కదా, వాగు వెంబడి పోతే జలపాతం దానంతటదే వస్తుంది, దారి కనిపిస్తూ ఉంటే చూపించడానికి మరో మనిషి ఎందుకని మా తమ్ముడి వాదన. గైడు చేసే పని నిజంగా ఏమిటో, అతడిని ఎలా ఎంచుకోవాలో ఆ దారి తెలిసినవారు వివరంగా చెప్పగలరా? జనం తక్కువగా ఉండే కడప జిల్లా లంకమల అడవి వైపు వెళ్ళమని కూడా కొందరు సలహా ఇచ్చారు. పిల్లలతో వెళ్ళడానికి అది అనువైనదేనా?

జవాబు (ఆళ్లగడ్డ నుంచి)

అక్కా, నమస్కారం. మీ తమ్ముడుగారి మాటలో కొంత నిజం ఉంది. జ్వాలా నరసింహస్వామి గుడికి పోయే దారిలో తప్పిపోవడం అరుదు. కొంత దూరం మెట్లు, కొంత దూరం బండరాళ్ళు, వాగు దాటేచోట చిన్న వంతెనలు ఉంటాయి, పండుగ రోజుల్లో ముందూ వెనుకా జనం కూడా ఉంటారు. కాబట్టి దారి చూపడానికే గైడు అనుకుంటే అతడు అక్కరలేదనే అనిపిస్తుంది. అతని అసలు పని వేరు. ఆ రోజు వాగు మనుషులను పోనిస్తుందా లేదా అన్నది మనకంటే ముందు పసిగట్టి చెప్పడానికే అతడు కావాలి.

అహోబిలం నల్లమల పడమటి అంచున ఉంది. ఇక్కడి కొండలు పలకలు పలకలుగా పేర్చినట్టుండే గట్టి రాతి పొరలు, వాటి మీద మట్టి చాలా పలుచన. కురిసిన వాన ఇంకడానికి చోటు లేక బండల మీదుగా జారి నేరుగా వాగులో పడుతుంది. అందువల్ల మన నెత్తిన ఎండ కాస్తున్నా, ఎగువన కొండ మీద కాసేపు గట్టి వాన పడిందంటే చాలు, చీలమండల లోతు లేని నీరు చూస్తుండగానే తొడల దాకా వస్తుంది. నీళ్ళ రంగు ఎర్రబారడం, ఎండుటాకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకురావడం, వాగు చప్పుడు బరువెక్కడం దానికి గుర్తులు. మొదటిసారి వచ్చినవారికి ఆ చప్పుడులో తేడా తెలియదు, పైగా జలపాతం జోరుగా పడుతోందని సంతోషపడి ఇంకా దగ్గరికి వెళతారు.

అనుభవం ఉన్న గైడు వాగు దగ్గర ఎలా మెలుగుతాడో గమనించండి. దాటబోయే ముందు నీటి ఒడ్డున ఒక రాయిని గుర్తు పెట్టుకుని, నీరు దానికి ఎంతవరకు తగులుతున్నదో చూసుకుంటాడు, తిరిగి వచ్చేటప్పుడు ముందుగా ఆ రాయినే వెతుకుతాడు. బండ మీద అడుగు వేసే ముందు చేతికర్ర మొనతో నాచును గీకుతాడు. నాచు లేచి కింద గరుకు రాయి కనబడితేనే పిల్లలను అక్కడ కాలు పెట్టమంటాడు. లేకపోతే ఎంత చుట్టు అయినా మరోచోటికి నడిపిస్తాడు. ఈ పని చూస్తే చాలు, మనిషికి వాగు తెలుసో తెలియదో అర్థమవుతుంది.

జలపాతం దగ్గర కొండ ముందుకు పొడుచుకొచ్చి చూరులాగా ఉంటుంది, పైనుంచి పడే నీటికి, కొండ గోడకు మధ్య నుంచి నడవాలి. ఇలాంటి చూరుల కింద పెద్ద తేనెటీగలు పట్లు పెడతాయి. పొగ సోకినా, ఘాటైన అత్తరు వాసన తగిలినా, ఎవరైనా రాయి విసిరినా అవి గుంపుగా లేస్తాయి. ఆ రోజుల్లో పట్టు ఏ మూలన ఉందో స్థానికుడికి తెలుసు. కొండ చూరు కింద అగరువత్తులు, కర్పూరం వెలిగించవద్దని అతడు అంటే భక్తికి అడ్డు వస్తున్నాడని అనుకోకండి.

ఎలుగుబంట్లు ఈ అడవిలో ఉన్నాయి, చిరుతలూ ఉన్నాయి. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ వాటి సంచారం ఎక్కువ. పొద్దు బాగా ఎక్కాక బయలుదేరి మధ్యాహ్నం దాటకుండా వెనుదిరిగితే, జనం మధ్య నడిచేవారికి వాటితో పని పడదు. కోతులతో మాత్రం తప్పకుండా పని పడుతుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే పిల్లల చేతిలోంచి లాక్కుపోతాయి, అందుకని తినేవన్నీ భుజాన తగిలించుకునే సంచిలో, జిప్పు వేసి పెట్టుకోండి.

జ్వాలా నరసింహస్వామి గుడి నుంచి, స్వామి వెలిసిన స్తంభంగా భక్తులు నమ్మే ఉగ్రస్తంభం అనే కొండకొమ్ముకు దారి చీలుతుంది. బాబు ఉత్సాహపడతాడు, తమ్ముడుగారూ సరే అంటారు. ఆ ఎక్కుడు నిటారుగా ఉంటుంది, వాన పడి బండ తడిసిన రోజున అది చాలా ప్రమాదకరం. అమ్మగారినీ పాపనూ గుడి దగ్గర ఒంటరిగా కూర్చోబెట్టి మిగతావాళ్ళు పైకి పోవడం నాకు సుతరామూ ఇష్టం లేదు. ఈసారికి జలపాతంతో సరిపెట్టుకోండి.

ఇక మనిషిని ఎంచుకోవడం గురించి. ఎగువ అహోబిలం గుడి దగ్గర చేతికర్రలతో స్థానికులు మిమ్మల్ని పలకరిస్తారు. చెంచులక్ష్మిని పెళ్ళాడిన స్వామిని అల్లుడిగా చెప్పుకునే చెంచుల గూడేలు ఈ కొండల్లోనే ఉన్నాయి, ఆ కుటుంబాలలోని వారికి ఈ అడవి చిన్ననాటి నుంచీ తెలుసు. ముందురోజు సాయంత్రమే మాట్లాడుకోండి. ఎక్కడిదాకా, ఎన్ని గుళ్ళు, తిరిగి ఎక్కడ దించాలి, ఎంత ఇవ్వాలి అన్నవి అప్పుడే తేల్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. జలపాతం చూపిస్తేనే డబ్బు అనే బేరం ఎప్పుడూ పెట్టకండి. ఆ బేరం పెట్టినవారికి ఏ గైడు అయినా, వాగు పెరుగుతున్నా సరే, జలపాతం చూపించడానికే ప్రయత్నిస్తాడు, ఎందుకంటే వెనక్కి తిప్పితే ఆ పూట కూలి పోతుంది. “నువ్వు వద్దంటే సగం దారిలోనైనా తిరిగి వచ్చేస్తాం, నీకు రావలసింది మొత్తం ఇస్తాం” అని పిల్లల ముందే చెప్పండి. అప్పుడు అతని కన్ను జలపాతం మీద కాక నీటి మీద ఉంటుంది.

జవాబు (కడప నుంచి)

లంకమల గురించి అడిగారు గనుక చెబుతున్నానండీ. నాకు ప్రాణప్రదమైన అడవి అది. అయినా తొమ్మిదేళ్ళ పాపతో, మొదటిసారి అడవి నడకకు వచ్చే కుటుంబానికి దాన్ని సిఫారసు చేయలేను.

శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. అందులోకి అడుగు పెట్టడానికి అటవీశాఖ అనుమతి ఉండాలి. పైగా ఇది ఎర్రచందనం పెరిగే నేల. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, నల్లమల దక్షిణ భాగం తప్ప ఆ చెట్టు సహజంగా పెరిగే చోటు ప్రపంచంలో దాదాపు లేదు, దాని కోసం జరిగే దొంగనరుకుడు గురించి మీకు తెలియనిది కాదు. అనుమతి లేకుండా కారు ఆపి, సంచులు తగిలించుకుని కోనలోకి నడిచే కొత్తవారిని అటవీ సిబ్బంది నిలదీస్తారు, అది వారి విధి. అంతర్జాలంలో వీడియోలు పెట్టి “నేరుగా వెళ్ళిపోవచ్చు” అని చెప్పేవారి మాట నమ్మి పిల్లలను ఆ ఇబ్బందిలోకి దింపవద్దు. పండుగలకు భక్తులను అనుమతించే నిత్యపూజకోన వంటి చోట్లకు కూడా ముందుగా సిద్ధవటం వైపు అటవీ సిబ్బందిని అడిగి బయలుదేరడం మంచిది.

నేను అడవి గురించి ఇంత పట్టుగా మాట్లాడడానికి మరో కారణం కలివికోడి. ఇక కనబడదని అనుకున్న ఆ పక్షి 1986లో ఈ లంకమల చుట్టుపక్కల పొదల అడవిలోనే మళ్ళీ దొరికింది. అది రాత్రిపూట తిరిగే పక్షి, దాని బతుకంతా ముళ్ళపొదల మధ్య ఉండే నేల మీదే. రాత్రి గుడారాలు వేసి, దీపాలు పెట్టి, పాటలు పెట్టేవారిని ఆ నేల భరించలేదు.

కాలం విషయం కూడా చూసుకోండి. కర్నూలు, నంద్యాల వైపు నైరుతి వానలకు నిండిన వాగులు దసరా నాటికి బాగానే పారుతుంటాయి. మా కడప కొండల్లో ఈశాన్య వానల వాటా పెద్దది, అంటే అక్టోబరు చివర, నవంబరులో గానీ మా కోనలకు నిండుదనం రాదు. ఆ వానలు ఒక్కొక్కసారి ఎంత ఉద్ధృతంగా ఉంటాయో మా జిల్లావారు మరిచిపోలేరు. 2021 నవంబరు 19న కొండల మీది నీరు ఒక్కుమ్మడిగా దిగి చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, దిగువ ఊళ్ళలో ఎన్నో ప్రాణాలు పోయాయి. ఆళ్లగడ్డ తమ్ముడు వాగు గురించి రాసిన ప్రతి మాటా మా వైపు కోనలకూ వర్తిస్తుంది. తుపాను హెచ్చరిక ఉన్న రోజున గైడు ఉన్నా లేకపోయినా కోనలో కాలు పెట్టకూడదు.

ఒకవేళ మీ వాళ్ళకు గుళ్ళ కంటే అడవి మీదే మక్కువ ఉంటే ఆత్మకూరు వైపు బైర్లూటి దగ్గర అటవీశాఖ నడిపే బస ఉంది, చెంచు యువకులే అక్కడ అడవిని చూపిస్తారు. పులుల అభయారణ్యం కాబట్టి వానాకాలంలో సందర్శకులను ఆపుతారు, సాధారణంగా అక్టోబరులో తిరిగి తెరుస్తారు. ఫోను చేసి ఖాయం చేసుకున్నాకే బయలుదేరండి.

జవాబు (నంద్యాల నుంచి)

నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను, అమ్మగారి గురించి రాస్తాను. నడిచే రోజున రక్తపోటు మాత్ర మానేయవద్దు, మామూలు వేళకే వేసుకోవాలి, ఇంకో రోజుకు సరిపడా మాత్రలు సంచిలో ఉండాలి. ఆమె వాడేది మూత్రం ఎక్కువగా పోయేలా చేసే రకం మాత్ర అయితే, ఎండలో ఎక్కేటప్పుడు నీరసం రావచ్చు, బయలుదేరే ముందు మీ డాక్టరును అడగండి. మాట్లాడుతూ నడవగలిగినంత మెల్లగా నడిపించండి. మాట తెగి ఆయాసం వస్తుంటే కూర్చోబెట్టాలి, ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా అక్కడి నుంచి ముందుకు పోకూడదు. ఎగువ అహోబిలంలో డోలీ మోసేవారు దొరుకుతారు, డోలీ ఎక్కడానికి ఆమె మొహమాటపడితే ముందుగానే నచ్చజెప్పి ఉంచండి.

హవాయి చెప్పులతో ఎవరూ నడవవద్దు. వేలు, మడమ కప్పి, అడుగున గట్టి పట్టున్న బూట్లు అందరికీ ఉండాలి. ఎండుటాకుల్లో రక్తపింజరి కలిసిపోయి ఉంటుంది, బండ సందుల్లో చేయి పెట్టి ఎక్కే అలవాటు పిల్లలకు మాన్పించండి. పొరపాటున పాము కరిస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏదీ చేయకూడదు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలు కదలకుండా కర్రకు కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దింపి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. కొండ మీద ఫోను సిగ్నలు అందని చోట్లు ఉన్నాయి, 108కి ఫోను చేయాలంటే ఎక్కడిదాకా దిగాలో తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఈ ఒక్క కారణం చాలు గైడును పెట్టుకోవడానికి.

మరల ప్రశ్న (అనంతపురం నుంచి)

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ జవాబులు తమ్ముడికి ఫోనులో చదివి వినిపించాను, గైడు విషయంలో ఒప్పుకున్నాడు. లంకమల ఆలోచన మానుకున్నాము. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. పిల్లలు జలపాతం కింద తడవాలని ఇప్పటి నుంచే పట్టుబడుతున్నారు, తడవనివ్వవచ్చా? వాగు దగ్గర గైడు వద్దంటే ఆ రోజంతా పిల్లలను ఎక్కడ తిప్పాలి?

జవాబు (ఆళ్లగడ్డ నుంచి)

అక్కా, జలపాతం నీళ్ళు పైనుంచి తుంపరగా, పలుచగా పడుతున్న రోజున అంచున నిలబడి తడవవచ్చు. నీటి ధార నెత్తిన నేరుగా పడే చోట నిలబడవద్దు, ఎందుకంటే పై అంచు నుంచి నీటితో పాటు చిన్న రాళ్ళు కూడా జారి వస్తాయి, పడే వేగానికి గులకరాయి అయినా తల పగలగొడుతుంది. నీరు నిలిచిన గుండాల్లోకి దిగవద్దు, పైకి మోకాళ్ళ లోతు అనిపించినా రాతి పలక తెగినచోట ఒక్కసారిగా లోతు వస్తుంది. తడిసేదీ లేనిదీ గైడును అడిగి, అతడు చూపించిన చోటనే, ఒక్కొక్కరుగా తడిపించండి. సబ్బులు, షాంపూలు అసలు తీయకండి, అదే నీరు కింద అడవి జంతువులు తాగుతాయి. తడి బట్టలతో దిగితే పాప వణికిపోతుంది, మార్చుకోవడానికి ఒక జత సంచిలో పెట్టుకోండి.

వాగు ఒప్పుకోని రోజున చేయడానికి పని బోలెడు ఉంది. ఎగువ అహోబిలంలో ఉగ్ర నరసింహస్వామి గుహాలయం చూసుకుని కారులో దిగువకు వచ్చేయండి. అక్కడ ప్రహ్లాదవరద స్వామి గుడిలోని విజయనగర కాలపు మండపాల స్తంభాలను మీ బాబు ఒక్కొక్కటిగా చూస్తే పూట గడిచిపోతుంది, గుడి ముందు కృష్ణదేవరాయల జయస్తంభమూ ఉంది. ఛత్రవట, యోగానంద నరసింహస్వామి గుళ్ళు దిగువ అహోబిలానికి దగ్గరే, కారులోనే పోవచ్చు, అమ్మగారికీ సులువు. వీలైతే రెండు రాత్రులు బస ఉండేలా గది తీసుకోండి. మొదటి రోజు వాగు పొంగినా, రాత్రి వాన ఆగితే మరునాటి ఉదయానికి చాలాసార్లు దారి ఇస్తుంది. ఆ ఉదయం కూడా నీటిని చూసి వెళ్దామో వద్దో చెప్పవలసింది గైడే.