‘శాన్స్ సెరిఫ్’ను ‘తలకట్టు లేని’ అనవచ్చా?

ప్రశ్న:
బెంగళూరులో మా అపార్టుమెంటులోని తెలుగు పిల్లలకు ఆదివారాలు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ప్రోగ్రాములు రాసే బోల్డ్ (లావు గీతల), మోనోస్పేస్ (ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పుండే), శాన్స్ సెరిఫ్ (సెరిఫ్‌లు లేని) ఖతిని, అంటే ఫాంటును, ‘తలకట్టు లేని ఏకస్థల స్థూలాక్షరాలు’ అని రాసిచ్చాను. ఒక్కరికీ అర్థం కాలేదు. మంచి మాట చెప్పగలరా?

జవాబు:
‘తలకట్టు’ మాత్రం వద్దండి. సెరిఫ్ అంటే ఇంగ్లీషు అక్షరంలో గీత ముగిసేచోట పెట్టే చిన్న కొస. అది తీసేసినా అక్షరం మారదు. మన తలకట్టు అలంకారం కాదు, అకారానికి గుర్తు. ‘క’కు తలకట్టు తీసి గుడి పెడితే ‘కి’, పొల్లు పెడితే ‘క్’. అసలు తలకట్టే లేని ‘జ’, ‘ణ’, ‘బ’ల సంగతేమిటి? మీ వీధిలోని కన్నడ బోర్డులు చూపించండి. వాళ్ల తలకట్టు అడ్డంగా సాగుతుంది, మనది టిక్కు గుర్తులా పైకి లేస్తుంది. పిల్లలకు ఇట్టే తెలుస్తుంది.

సెరిఫ్‌కు ‘కొస’ చాలు. అయితే ఇక్కడ నాకెంతో ఇష్టమైన చిక్కు ఒకటుంది. ఈ మోనోస్పేస్ ఖతుల్లో ఇంగ్లీషు ‘ఎం’కూ ‘ఐ’కీ ఒకే వెడల్పు గడి. చిన్న అక్షరం ‘ఐ’ (i) సన్నటి పుల్లలా నిలబడితే ఇరుపక్కలా ఖాళీ మిగిలిపోతుంది. అందుకే కొసలు లేని కన్సోలాస్ వంటి ఖతిలో కూడా ‘ఐ’కి, ‘ఎల్’కి కొసలు పెట్టారు. సున్నాను ‘ఓ’ అని పొరబడకుండా మధ్యలో ఏటవాలు గీత గీశారు.

‘స్థూల’ బదులు ‘బొద్దు’ అనండి, తెలుగు వికీపీడియాలో వాడుతున్న మాటే. మామూలు ఖతిని బొద్దు చేస్తే అక్షరం పక్కకు కూడా పెరుగుతుంది. ఇక్కడ గడి పెరగదు కనుక గీత లోపలికి లావెక్కుతుంది. ‘ఎం’ కాళ్ల మధ్య సందు ఇరుకైపోతుంది. కొన్ని ఖతుల్లో దాని మధ్య కాలిని పొట్టి చేసేది అందుకే. ఆ ఇబ్బందికి ఫలితం ఉంది: ప్రోగ్రాములో ఒక మాటను బొద్దు చేసినా పక్క అక్షరాలు జరగవు, అంకెలు ఒకదాని కింద ఒకటి నిలుస్తాయి.

మొత్తంమీద ‘కొసలు లేని సమవెడల్పు బొద్దు ఖతి’ అంటే సరిపోతుంది.

మరొకరు:
అన్నీ బాగున్నాయి కానీ ‘సమవెడల్పు’ వైరిసమాసం, అంటే సంస్కృత పదాన్ని తెలుగు పదంతో అతికించినది. ‘సరివెడల్పు’ అంటే రెండూ తెలుగు మాటలే అవుతాయి కదా?

జవాబు:
నిజమేనండి, ‘సరివెడల్పు’ నా మాటకన్నా మేలు.

ప్రశ్న అడిగినవారు:
ఈ వారం ‘సరివెడల్పు’ అనే చెప్పాను. గళ్ల నోటుపుస్తకంలో గడికొక అక్షరం రాయించాను. ‘స్త్రీ’ దగ్గర ఒక పాప పెన్సిలు ఆపి, దీనికెన్ని గడులని అడిగింది. కంటికి ఒక్కటే అక్షరం. కంప్యూటర్లో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు సంకేతాలు. తెలుగుకు సరివెడల్పు ఖతి గీయాలంటే దానికి ఎన్ని గడులివ్వాలి?