హ్యారీహౌసెన్ సినిమాల్లో జంతువు రాబోయే ముందు దృశ్యం గరుకెక్కుతుందెందుకు? ఫోన్‌తో అలాంటి షాట్ కుదురుతుందా?

పాతరీలు:
బొమ్మల్ని ఒక్కో ఫ్రేముకీ రవ్వంత కదిపి తీసే స్టాప్-మోషన్ పద్ధతిలో రాక్షస జంతువుల్ని తెరకెక్కించిన రే హ్యారీహౌసెన్ సినిమాలు చూసేవాళ్ళకి రెండు ప్రశ్నలు. మామూలు షాట్ నుంచి రాక్షస జంతువు ఉన్న షాట్‌కి కట్ అవగానే దృశ్యం మసకబారి, గరుకుగా కనిపిస్తుంది. జంతువు ఇంకా రాకపోయినా సరే, వస్తోందని ముందే తెలిసిపోతుంది. ఇది ప్రింటు లోపమా, పద్ధతిలోనే ఉందా?

రెండోది: మనిషి పరిగెడుతుంటే వెనక బల్లిలాంటి జంతువు లేచి నిలబడే 5 సెకన్ల షాట్‌ని అదే పద్ధతిలో ఫోను, మానిటరు పెట్టుకుని తియ్యాలంటే ఏం కావాలి? గ్రీన్ స్క్రీన్ మాట వద్దు.

గాజుపలక:
ప్రింటు తప్పేమీ లేదండీ, పద్ధతే అంత. డైనమేషన్ అని పేరు పెట్టి అమ్మారు గానీ లోపలున్నది రెండుసార్లు ఎక్స్‌పోజ్ చెయ్యడమే.

ముందు నటుల్ని కదలని కెమెరాతో తీస్తారు. దాన్ని ప్లేట్ అంటారు. ఆ ఫిల్మును చిన్న తెర మీద వెనక నుంచి ఒక్కో ఫ్రేమూ ఆపి వేస్తారు. తెర ముందు బల్ల, బల్ల మీద బొమ్మ. బొమ్మకీ కెమెరాకీ మధ్య గాజు పలక. నేల గీతకి కింద ఉన్న భాగమంతా దాని మీద నల్లరంగు. బొమ్మని రవ్వంత కదపడం, ప్రొజెక్టర్‌ని ఒక ఫ్రేము జరపడం, ఒక ఫ్రేము తియ్యడం. షాట్ మొత్తం అయ్యాక ఫిల్మును వెనక్కి తిప్పి, ఈసారి పై భాగాన్ని నలుపు చేసి, కింది భాగాన్ని అదే ప్లేట్ నుంచి ఎక్కిస్తారు. బల్ల మాయమై, ముందున్న రాళ్ళకీ వెనకున్న కొండకీ మధ్య జంతువు నిలబడుతుంది.

అంటే నటులున్న భాగం ఫొటోకి ఫొటో. అందుకే గ్రెయిన్ (ఫిల్ము మీది గరుకు చుక్కలు), కాంట్రాస్టు (వెలుగునీడల తేడా) రెండూ పెరుగుతాయి. 1958లో ‘సెవెంత్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్’తో రంగుల్లోకి వెళ్ళాక రంగులు కూడా మారే చిక్కు తోడైంది. అయితే గరుకు కనబడగానే జంతువు వస్తుందనుకోకండి. ఆ కాలంలో డిజాల్వులు (ఒక దృశ్యం కరిగి ఇంకోటిగా మారే చోట్లు) కూడా ల్యాబులో నకలు తీసినవే, అక్కడా ఇలాగే ఉంటుంది.

ఎముకలగూడు:
పై వివరణకి చిన్న చేర్పు. కదలిక తెగినట్టు అనిపించడానికి కారణం గ్రెయిన్ కాదు. ఆగి ఉన్న బొమ్మని తీస్తారు కాబట్టి ఏ ఫ్రేములోనూ చెదిరిన అంచు ఉండదు, కన్నుకి అది టకటకా గెంతినట్టు తోస్తుంది. ఈ లోపం ఎక్కడ కలిసొచ్చిందో చూడటమే నా మటుకు అసలు మజా. ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’ (1963)లో కంచు విగ్రహం టాలోస్ బిరుసుగానే కదలాలి, కదులుతుంది. అదే సినిమాలో 7 అస్థిపంజరాలు ముగ్గురు మనుషులతో కత్తియుద్ధం చేస్తాయి. ఒక్కో దానికి తల, చేతులు, కాళ్ళు కలిపి 5 కదలికలు చొప్పున ఫ్రేముకి 35. పైగా ప్రతి ఫ్రేములోనూ ఎముక చేతిలోని కత్తి నటుడి కత్తికి సరిగ్గా తగలాలి. ఆ ఘట్టానికి నాలుగున్నర నెలలు పట్టింది. మాంసం లేని ఎముకలకి ఆ పదును అంచులే అందం.

బొచ్చు జంతువైతే మరో గొడవ. 1933 ‘కింగ్ కాంగ్’లో బొచ్చు దానంతటదే అలలుగా కదులుతుంది చూడండి, అవి కదిపినవాళ్ళ వేళ్ళ గుర్తులు. చర్మం నున్నగా ఉన్న జంతువు కావాలంటే మన ‘మాయాబజార్’ వచ్చిన 1957లోనే వచ్చిన ‘20 మిలియన్ మైల్స్ టు ఎర్త్’ చూడండి, శుక్రగ్రహం జీవి. తోక మీద కన్నేసి ఉంచండి, ఒళ్ళు ఆగినా తోక ఆగదు.

ఎంసీల్_చేతులు:
రెండో ప్రశ్నకి. బొమ్మ ఎత్తు 20–25 సెం.మీ. చాలు. 2 మి.మీ. అల్యూమినియం తీగ రెండు పోగులు మెలివేసి అస్థిపంజరం కట్టండి. కీళ్ళ దగ్గర 1–1.5 సెం.మీ. తీగ వదిలేసి, మిగతాచోట ఎం-సీల్ (కలిపితే గట్టిపడే ముద్ద) పట్టించండి. కీలు దగ్గర మరీ తక్కువ వదిలితే ఒంపంతా ఒకే బిందువు మీద పడి, షాట్ మధ్యలో తీగ పుటుక్కుమంటుంది. పాదంలో 4 మి.మీ. నట్టు పాతి, ప్లైవుడ్ బల్లకి కింద నుంచి బోల్టు బిగించండి. లేకపోతే ఒంటికాలి మీద నిలబడదు.

సెకనుకి 12 ఫ్రేముల లెక్కన 5 సెకన్లకి 60 ఫొటోలు. ప్లేట్‌ని సెకనుకి 24 ఫ్రేముల్లో తీసి, ఒకటి విడిచి ఒకటి తీసుకోండి. వాటిని బొమ్మ వెనకున్న మానిటరు మీద ఒక్కోటీ వేస్తూ, బొమ్మని కదుపుతూ ఫోనుతో ఫొటోలు తియ్యండి. ఫోకస్, వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ అన్నీ లాక్. షట్టర్ 1/10 సెకను పెట్టండి. 60 హెర్ట్జ్ మానిటరుకీ, మన 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే దీపాలకీ అది రెండింటికీ పూర్తి చుట్లుగా సరిపోతుంది, చారలు రావు. కిటికీ మూసెయ్యండి, ఎండ మారితే షాట్ మిణుకుమంటుంది. బొమ్మ మీది లైటు మానిటరు మీద పడకుండా నల్ల అట్ట అడ్డం పెట్టాలి, పడితే నలుపులన్నీ బూడిద రంగుకి తిరుగుతాయి. లైటు వచ్చే దిక్కు ప్లేట్‌లో ఎటో ఇక్కడా అటే.

ఎక్కువమంది దెబ్బతినేది కింది సగం దగ్గర. ఎడిటింగులో కింద అసలు వీడియోని అతికిస్తారు. పైసగం మానిటరు నుంచి తీసింది కాబట్టి రంగు కలవదు, గీత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గాజుపలక గారు చెప్పిన రెండో ఎక్స్‌పోజర్‌నే చెయ్యండి: బల్ల, బొమ్మ తీసేసి, ఫోను కదలకుండా ఆ 60 ఫ్రేముల్నీ మానిటరు మీద మళ్ళీ ఫొటోలు తీసి, వాటి కింది భాగం వాడండి. ఫోను స్టాండు నేల మీద ఉండాలి, బల్లకి తగలకూడదు.

పాతరీలు:
మానిటరు మీద వల అల్లినట్టు గీతలు పడితే? జంతువు నీడ సంగతి?

ఎంసీల్_చేతులు:
ఆ వల మానిటరు పిక్సెళ్ళది. మానిటరుని బొమ్మకి 50 సెం.మీ. వెనక్కి జరిపి, 2 రెట్ల లెన్సుతో తియ్యండి. పిక్సెళ్ళు కాస్త మసకబారితే వల పోతుంది. ట్రేసింగ్ పేపర్ అతికించమనేవాళ్ళున్నారు, కాంట్రాస్టు చస్తుంది, వద్దు.

నీడ బల్ల మీద పడుతుంది, బల్లని మనమే తీసేస్తాం, కాబట్టి పాదాలు గాల్లో తేలతాయి. ప్లేట్‌లో ఉన్న మట్టి లాంటిదే బల్ల మీద చల్లి, పాదాల ముందు 3–4 సెం.మీ. వదిలి, పైసగం కింది సగం కలిసే గీత అక్కడ వచ్చేలా పెట్టండి. నీడ ఆ పట్టీలోనే పడేలా లైటు ఎత్తు పెంచండి. గీత తిన్నగా వద్దు, ప్లేట్‌లో రాయి అంచో గోడ అంచో ఉంటే దాని వెంటే వెళ్ళాలి.